ఒక్కొక్క కాగితమే రావాలె: నంబరింగ్ ఫీడర్ డైరీ

మే, రెండో వారం

హనుమకొండలో మాకు బాగా తెలిసిన ఒక అన్నకు చిన్న ప్రింటింగ్ ప్రెస్ ఉంది. ఒక మినీ ఆఫ్‌సెట్, ఒక కటింగ్ మెషిన్, పర్ఫొరేషన్ (రసీదు చింపడానికి వేసే చిల్లుల గీత) కోసం ఇంకా వాడుతున్న పాత ట్రెడిల్ ప్రెస్సు. వచ్చే పనిలో ఎక్కువ భాగం బిల్ బుక్కులు, రసీదు పుస్తకాలే. ఏనుమాముల మార్కెట్ చుట్టూ ఉన్న దుకాణాలవి, ప్రైవేటు బడుల ఫీజులవి, వినాయక చవితి దగ్గర పడితే చందాలవి. అచ్చు వేయడానికి ఎంతోసేపు పట్టదు. నంబర్లు వేయడమే తెగని పని. వదిన చేతి నంబరింగ్ మెషిన్ పట్టుకుని ఒక్కో కాగితం మీద కొడుతూ కూర్చుంటుంది. సాయంత్రానికి మణికట్టు లేవదు.

నేను కట్టబోయేది ఇది: ఏ5 కాగితాల దొంతర పెడితే ఒక్కొక్కటే ముందుకు వచ్చి, నంబరింగ్ హెడ్ కింద ఆగి, దెబ్బ పడ్డాక అవతలి ట్రేలో పడాలి.

"ప్రింటర్ల ఉన్నదే గదా తమ్మీ, ఖరాబైన ప్రింటర్ల నుంచి పీకి పెడితే అయిపోతది" అన్నాడు అన్న. వెంటనే షరతు కూడా పెట్టాడు. "కాగితం రాకుంటే రాకపాయె. రెండు మాత్రం రావొద్దు."

షరతు సబబుగానే ఉంది. నంబరింగ్ మెషిన్ ప్రతి దెబ్బకూ తనంతట తాను ఒక అంకె పెంచుకుంటుంది. పక్కనున్న మీట జరిపితే ఒకే నంబరు రెండుసార్లో మూడుసార్లో కొట్టి అప్పుడు పెరుగుతుంది. డూప్లికేట్, ట్రిప్లికేట్ పుస్తకాలకు అది. కాగితం రాకుండా దెబ్బ పడితే ఒక నంబరు వృథా. దాన్ని సెన్సర్‌తో ఆపొచ్చు. రెండు కలిసి వస్తే మాత్రం పైదానికి నంబరు పడుతుంది, కిందది బోసిగా వెళ్ళిపోతుంది. పుస్తకం కుట్టి ఇచ్చాక మధ్యలో ఎక్కడో నంబరు లేని రసీదు ఒకటి బయటపడితే, డబ్బు లెక్క చూసేవాళ్ళు ఊరుకోరు. బడి ఫీజు రసీదైతే మరీ గొడవ.

మే, అదే వారం: ప్రింటర్ విప్పాక

12ఏ టోనర్ పట్టే రకం చిన్న లేజర్ ప్రింటర్ ఒకటి పాత సామాన్ల కొట్టులో దొరికింది. పవర్ బోర్డు కాలిపోయింది, మిగతాదంతా బాగానే ఉన్నట్టు కనిపించింది. దీన్ని విప్పితే కాగితం తీసే భాగం అరచేతిలో పట్టేంతే.

పైన ఒక రబ్బరు రోలర్. పూర్తి గుండ్రంగా ఉండదు, ఒక వైపు కోసేసినట్టు చదునుగా, ఇంగ్లీషు 'డి' అక్షరం ఆకారంలో ఉంటుంది. దాని కింద స్ప్రింగ్ మీద నిలబెట్టిన చిన్న ప్యాడ్. దొంతరను కింది నుంచి రోలర్ మీదికి ఎత్తి నొక్కే పలక ఒకటి. పక్కన సోలినాయిడ్, అంటే కరెంటు ఇస్తే మీటను లాగే చిన్న అయస్కాంతపు చుట్ట. ప్రింట్ ఇవ్వగానే "టక్" మని వినిపించేది దాని చప్పుడే. అది ఒక్క క్షణం లాగి వదిలితే గేరు కలుస్తుంది, రోలర్ సరిగ్గా ఒక చుట్టు తిరిగి ఆగుతుంది. గుండ్రటి వైపు కాగితాన్ని ముందుకు తోస్తుంది. తోయడం అయ్యేసరికి చదును వైపు కిందికి వచ్చి, కాగితాన్ని తాకకుండా తప్పుకుంటుంది. అప్పటికి ముందున్న రోలర్లు కాగితాన్ని అందుకుని ఉంటాయి. ఒక చుట్టుకు ఒక కాగితం. మోటర్ ఆపకుండానే, ఒక్క సోలినాయిడ్‌తో ఇంత పని చేయించారు. ఈ డిజైన్ చేసినవాళ్ళకు దండం పెట్టాలి.

కాగితాన్ని తీయడం పెద్ద విషయం కాదు, వేలు తడి చేసుకుని తోసినా వస్తుంది. ఈ సరంజామా అంతా రెండోదాన్ని ఆపడానికే. ఆపేది ఆ ప్యాడ్. పేకముక్కలు పంచేవాడు బొటనవేలితో పై ముక్కను తోస్తూ, మిగతా వేళ్ళతో కిందివాటిని బిగపట్టి ఉంచుతాడు చూడండి, ఇదీ అదే పని.

మే, మూడో వారం: లెక్క

ప్లైవుడ్ కోసే ముందు రెండో కాగితం మీద పడే బలాలు ఏమిటో లెక్క వేశాను. ఏ4 కాగితం అంటే చదరపు మీటరులో పదహారో వంతు. 80 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 80 గ్రాములు) అయితే దాదాపు 5 గ్రాములు. అన్న రసీదులకు వాడేది 60 జీఎస్‌ఎం మ్యాప్‌లిథో (అచ్చుకు వాడే పూత లేని తెల్ల కాగితం), అదీ ఏ5. ఒక్కోటి 1.86 గ్రాములు.

రోలర్ పై కాగితాన్ని తోస్తే, అది తన కింద ఉన్న రెండోదాన్ని వెంట లాగుతుంది. మూడోది ఆ రెండోదాన్ని వెనక్కి పట్టి ఉంచుతుంది. రెండు వైపులా పనిచేసేది కాగితానికీ కాగితానికీ మధ్య ఉండే ఘర్షణే. పట్టు కొంచెం ఎక్కువ ఉండేది కింది వైపే, ఎందుకంటే అక్కడ రెండో కాగితం సొంత బరువు కూడా పడుతుంది. ఆ కొంచెం ఎంత? 1.86 గ్రాముల బరువును కాగితాల మధ్య ఘర్షణ గుణకంతో గుణిస్తే వచ్చేంత. ఒక గ్రాముకు కూడా చేరదు.

రోలర్ నొక్కుడు 150 గ్రాములు ఉన్న చోట, రెండో కాగితాన్ని ఆపే మొగ్గు ఒక గ్రాములోపు! కాస్త చెమ్మ, కాస్త స్టాటిక్, అంచున చిన్న నూగు, ఏది తోడైనా అది పైదానితో బయలుదేరుతుంది. దొంతర తనంతట తాను విడిపోతుందని ఆశ పెట్టుకోవడానికి లేదు.

ప్యాడ్ దగ్గర లెక్క వేరు. రోలర్‌కూ ప్యాడ్‌కూ మధ్య ఒకే కాగితం ఉంటే, పైన రబ్బరు ముందుకు లాగుతుంది, కింద ప్యాడ్ వెనక్కి పట్టుకుంటుంది. రబ్బరు పట్టు ఎక్కువ కాబట్టి కాగితం వెళ్ళిపోతుంది. రెండు కాగితాలు దూరితే, కిందిదాన్ని ముందుకు లాగేది రబ్బరు కాదు, పై కాగితం. వెనక్కి పట్టేది ప్యాడ్. కాగితం మీద కాగితం పట్టు కంటే ప్యాడ్ పట్టు ఎక్కువ కాబట్టి కిందిది అక్కడే నిలబడుతుంది, పైది జారి వెళ్ళిపోతుంది. అంటే పట్టు వరుస ఇలా ఉండాలి: అన్నిటికంటే ఎక్కువ రబ్బరుకు, తర్వాత ప్యాడ్‌కు, అన్నిటికంటే తక్కువ కాగితం మీద కాగితానికి. ఈ వరుస నిలబడ్డంతకాలం యంత్రం నడుస్తుంది. ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఏమిటంటే, ప్యాడ్ స్ప్రింగ్ బలం రెండు వైపులా ఒకే రకంగా వచ్చి కొట్టేసుకుపోతుంది. గట్టిగా నొక్కితే బాగా విడిపోతుందనేది ఇక్కడ చెల్లదు.

పట్టు కొలవడానికి పెద్ద సామాను అక్కర్లేదు. ఒక చెక్క, ఒక కోణమాని చాలు. చెక్కకు కాగితం అంటించి, మీద ఇంకో కాగితం చుట్టిన చిన్న బరువు పెట్టి, మెల్లగా ఎత్తుతూ పోతే ఒక కోణం దగ్గర జారుతుంది. ఆ కోణం ట్యాంజెంటే ఘర్షణ గుణకం. మ్యాప్‌లిథో మీద మ్యాప్‌లిథో 25 డిగ్రీల దగ్గర జారింది, అంటే దాదాపు 0.47. ప్రింటర్ ప్యాడ్ ముక్క మీద 38 దగ్గర, అంటే 0.78. కొత్తగా కొన్న రోలర్ రబ్బరు 50 దాటినా కదల్లేదు. అదే పాత ప్రింటర్‌లో అరిగి నున్నగా మెరుస్తున్న రోలర్ 35కే జారిపోయింది, అంటే 0.7. ప్యాడ్ కంటే తక్కువ! రబ్బరు ప్యాడ్ కిందికి దిగిపోయింది కాబట్టి వరుస తెగింది. ఆ ప్రింటర్ పవర్ బోర్డు బాగున్నా కాగితం మాత్రం తీసేది కాదు.

రోలర్ మెరుపు అంతా అరుగుదల కాదు. తెల్లగా కనిపించేలా కాగితంలో కలిపే కాల్షియం కార్బొనేట్ పొడి, పీచు నూగు కలిసి రబ్బరు మీద పొరలా పేరుకుంటాయి. నీళ్ళలో తడిపి పిండిన గుడ్డతో తుడిస్తే సగం పట్టు తిరిగి వచ్చింది. ప్రెస్సులో దేన్నైనా కిరోసిన్‌తోనో పెట్రోలుతోనో తుడవడం అలవాటు. ఈ రోలర్లు చాలావరకు ఈపీడీఎం రబ్బరు. పెట్రోలు, నూనె తగిలితే ఉబ్బి మెత్తబడతాయి. అందుకే ఫ్రేము మీద "తడి గుడ్డ మాత్రమే" అని మార్కర్‌తో రాసిపెట్టాను.

మే చివర: ప్లైవుడ్ ఫ్రేము

ఫ్రేము 12 మి.మీ. ప్లైవుడ్. రోలర్, ప్యాడ్ కొత్తవి కొన్నాను, రెండూ కలిపినా టోనర్ రీఫిల్ ఖర్చు కంటే ఎక్కువ కాలేదు. నడిపేది స్టెప్పర్ మోటర్, బుర్ర ఆర్డ్యునో అనే చిన్న కంట్రోలర్ బోర్డు. సోలినాయిడ్, క్లచ్ వదిలేశాను. స్టెప్పర్‌కు ఎన్ని అడుగులు వేయాలో నేరుగా చెప్పొచ్చు కాబట్టి, ఒక చుట్టు తిప్పి ఆపడానికి వాటి అవసరం లేదు. డి ఆకారం మాత్రం ఉంచాను.

కాపీయర్ కాగితం 75 జీఎస్‌ఎం ఏ4ను సగానికి కోసి పెడితే ఒక్కటి కూడా తప్పలేదు. అన్న మ్యాప్‌లిథో పెట్టగానే జంటలు జంటలుగా వచ్చాయి. ప్యాడ్ కొత్తది, రోలర్ కొత్తది, వరుస సరిగ్గానే ఉంది, మరి ఎందుకు?

జవాబు వదిన దగ్గర దొరికింది. ఆమె కాగితాలు తీసుకుని ఒక మూల పట్టి విదిలించి, వంచి, గాలి ఆడించి, తిరిగి సర్ది పెట్టింది. జంటలు చాలావరకు పోయాయి. "కటింగ్ అయినంక అంచులు అతుక్కుంటయి, ఇట్ల ఇదిలియ్యకపోతే చేతికి కూడ రెండు వస్తయి" అంది. చూస్తే నిజమే. కటింగ్ మెషిన్ బ్లేడు మొద్దుబారితే కాగితాలను కోయడం కంటే నలపడం ఎక్కువ. అంచున ఒకదాని నూగు ఇంకోదానిలో దిగబడి, అతికించినట్టు అయిపోతుంది. ఆ అతుకు బలం ఒక గ్రాము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ప్యాడ్ పట్టుకూ కాగితం పట్టుకూ మధ్య ఉన్న తేడాను కూడా అది మింగేస్తుంది. ఫ్యాక్టరీలో కోసిన కాపీయర్ కాగితానికి ఈ బెడద తక్కువ.

బ్లేడు సానకు పోయింది. తిరిగి వచ్చాక కోసిన కాగితాలతో తేడా కొట్టొచ్చినట్టు కనబడింది. ఫీడర్ బాగు కోసం కటింగ్ మెషిన్ బాగు చేయాల్సి వస్తుందని అన్న అనుకోలేదు. సాన ఖర్చు మాత్రం ఎట్లాగూ పెట్టాల్సిందేనని ఒప్పుకున్నాడు.

మే చివరే: కూలర్

మధ్యాహ్నం ఎండ 44 దగ్గర ఉంటుంది, ప్రెస్సులో కూలర్ నడుస్తుంది. కూలర్ గాలి తగిలే పక్క కాగితం అంచు చెమ్మ పీల్చుకుని సాగుతుంది, రెండో పక్క ఎండిపోయి బిగుసుకుంటుంది. దొంతర ఒక మూల లేచి నిలబడుతుంది. కూలర్ ఆపితే ఇంకో తలనొప్పి: పొడి గాలిలో స్టాటిక్ పుట్టి కాగితాలు ఒకదానికొకటి అంటుకుంటాయి. కాగితానికి నప్పేది 50 శాతం దగ్గరి తేమ. మన మే నెలలో అది కూలర్ ముందు కొంత దూరంలో ఎక్కడో దొరుకుతుంది గానీ, ఫీడర్ పెట్టిన బల్ల మీద దొరకదు. బల్ల గోడ వైపుకు జరిపాం. రీము విప్పిన కాగితాన్ని వాడే ముందు ఒక రాత్రి ఆ గదిలోనే ఉంచుతున్నాం. ఇంతకంటే చేసేది లేదు.

ఇంకొకటి, కాగితం వాటం. మిల్లులో కాగితం సాగే దిక్కుకు పీచు ఎక్కువగా అమరుతుంది. ఆ దిక్కున కాగితం గట్టిగా ఉంటుంది, అడ్డంగా మెత్తగా ఉంటుంది. చిన్న ముక్క చింపి ఒక వైపు తడి చేస్తే గొట్టంలా చుట్టుకుంటుంది, ఆ గొట్టం పొడవు ఉన్న వైపే పీచు వాటం. పలుచటి కాగితాన్ని తోయాలంటే వాటం తోసే దిక్కుకు ఉండటం మంచిది, ముందు అంచు వంగదు. పెద్ద షీటు నుంచి ఏ5 కోసేటప్పుడు ఎటు తిప్పి కోశారో దాన్ని బట్టి ఇది మారిపోతుంది. ఇంతకాలం అన్న వృథా తగ్గేలా కోసేవాడు, ఇప్పుడు ఫీడర్ పనికి మాత్రం వాటం చూసి కోస్తున్నాడు. ఆయనకు వాటం సంగతి కొత్తేమీ కాదు. కాగజ్‌నగర్ సిర్పూర్ మిల్లు కాగితం వాడిన రోజుల నుంచీ తెలుసట. ఆ మిల్లు 2014లో మూతపడి, 2018లో జేకే పేపర్ చేతికి వచ్చాక మళ్ళీ నడుస్తోంది. దాని మాట ఎత్తితే ఆయన అరగంట వదలడు.

జూన్: స్ప్రింగులు

దొంతర నిండుగా ఉన్నప్పుడు బాగా నడిచి, అడుగుకు వచ్చేసరికి జంటలు పడుతున్నాయి. కారణం వెతకడానికి కష్టపడాల్సిన పని లేదు. దొంతరను ఎత్తే స్ప్రింగు మీద మొదట కాగితాల బరువు ఉంటుంది, చివరికి ఉండదు. వంద కాగితాలు అంటే 186 గ్రాములు. రోలర్ మీద పడాల్సిన నొక్కుడే 150. బరువు తగ్గిన కొద్దీ ఆ స్ప్రింగు బలమంతా రోలర్ మీదికి పోతుంది, నొక్కుడు రెట్టింపు దాటుతుంది. అప్పుడు రోలర్ ఒకటి కాదు, నాలుగైదు కాగితాలను ఒకేసారి ప్యాడ్ ముందుకు నెట్టి కుక్కుతుంది. ప్యాడ్ ఒక్కదాన్ని ఆపగలదు గానీ గుంపును ఆపలేదు.

దీనికి అందమైన లెక్క ఉంది. దొంతర ఎంత తగ్గితే స్ప్రింగు అంత పైకి సాగుతుంది, సాగిన మేరకు దాని బలం తగ్గుతుంది. ఆ తగ్గుదల కాగితాల బరువు తగ్గుదలతో సమానమైతే రోలర్ మీద నొక్కుడు మొదటి నుంచి చివరి దాకా ఒకటే. మా మ్యాప్‌లిథో మందం 0.08 మి.మీ. వంద కాగితాలు 8 మి.మీ., 186 గ్రాములు. అంటే మి.మీ.కు 23 గ్రాముల స్ప్రింగు కావాలి. స్ప్రింగులు రెండు, ఒక్కోటి మి.మీ.కు 12 గ్రాముల దగ్గరివి, పలక కింద అటూ ఇటూ పెట్టాను. ఇంతకు ముందు పెట్టింది మరీ మెత్తటి స్ప్రింగు, సాగినా దాని బలం పెద్దగా తగ్గేది కాదు. మార్చాక అడుగు కాగితాల జంటలు పోయాయి. చివరి ఒకటి రెండు మాత్రం పలకను అంటుకుని ఉండేవి. పలక మీద ప్యాడ్ లాంటి కార్కు ముక్క అంటిస్తే అదీ తీరింది. ప్రింటర్ ట్రేలలో అడుగున కనిపించే చిన్న కార్కు చదరం అందుకే.

జూన్ చివర: వానలు

వాన పడ్డాక కథ తిరగబడింది. రీము అంచులు అలలు తిరిగాయి. చెమ్మకు కాగితాలు ఒకదానికొకటి గట్టిగా అంటుకుంటున్నాయి, ప్యాడ్ కూడా కొంత పట్టు కోల్పోయినట్టుంది. చెక్క పరీక్ష మళ్ళీ చేస్తే కాగితం మీద కాగితం 29 డిగ్రీల దాకా నిలబడింది. 0.55. మే నెలలో ప్యాడ్‌కూ దానికీ మధ్య ఉన్న దూరం కుంచించుకుపోయింది.

ఇక్కడ వేరే దారులు కూడా చూశాను. పాత ప్రింటర్ ట్రేలలో ముందు మూలల మీద చిన్న రేకు గోళ్ళు ఉండేవి. రోలర్ తోస్తే పై కాగితం మూలలు ఆ గోళ్ళకు తగిలి ఉబ్బి, ఎగిరి బయటికి వస్తాయి. కిందిదాన్ని అంత బలంగా ఎవరూ తోయడం లేదు కాబట్టి అది ఉబ్బదు, ఉండిపోతుంది. డబ్బా రేకుతో చేసి చూస్తే పొడి కాగితానికి బాగుంది. చెమ్మ కాగితం మెత్తబడి మూలలు మడతపడ్డాయి. రసీదు మూల మడతపడితే అన్న తీసుకోడు.

సక్కర్ల సంగతి అన్నే చెప్పాడు. ఆఫ్‌సెట్‌లో కాగితాన్ని గాలితో పీల్చి ఎత్తుతారు, వెనక నుంచి గాలి ఊదుతారు. కాగితాల మధ్య గాలి దూరి విడిపోతాయి. ఘర్షణ గొడవే ఉండదు. ఆయన మినీ ఆఫ్‌సెట్ అలాగే నడుస్తుంది. కానీ పలుచటి మ్యాప్‌లిథో గుండా గాలి దూరిపోయి, సక్కరు కింది కాగితాన్ని కూడా పీల్చేస్తుంది. దాన్ని ఊదుడు గాలితో సరిదిద్దాలి, పంపు కావాలి, చప్పుడు భరించాలి. పక్కన పెట్టాను.

వానకాలానికి చివరికి పనిచేసింది ప్యాడ్ మార్పు. ప్రింటర్ ప్యాడ్ కంటే పట్టు ఎక్కువున్న రబ్బరు కార్కు షీటు దొరికింది, చెక్క మీద 42 డిగ్రీలు, అంటే 0.9. కొత్త రోలర్‌కు ఇంకా కింద, చెమ్మ కాగితానికి బాగా పైన. వరుస మధ్యలో సర్దుకుంది. దాంతో పాటు ప్యాడ్ అడుగున పలుచటి స్పాంజి పెట్టాను, లేకపోతే కాగితం జారేటప్పుడు కీచుమని అరుస్తోంది.

జులై: ఆగడం, దెబ్బ, కాపలా

దెబ్బ కొట్టేది కారు వైపర్ మోటర్, దానికి ఒక క్యామ్ (తిరుగుతూ హెడ్‌ను కిందికి నొక్కే వంకర చక్రం). ఇందులో చెప్పుకునేదేమీ లేదు, బలం సరిపోయింది.

కాగితం వంకరగా వస్తే నంబరు వంకరగా పడుతుంది. రోలర్ మధ్యలో ఒక్క చోటే నొక్కుతుంది కాబట్టి కాగితం ఎటో ఒకటి తిరగడం సహజం. ప్రింటర్లు దీనికి చేసే పనినే చేశాను. హెడ్ కింద చిన్న గోడలా ఒక ఆపు పెట్టి, కాగితం దానికి తగిలాక కూడా ఇంకో మూడు మి.మీ. తోశాను. కాగితం మధ్యలో కొంచెం ఉబ్బుతుంది, ముందు అంచు మొత్తం ఆపుకు సమంగా ఆనుకుంటుంది. దెబ్బ పడ్డాక ఆపు కిందికి దిగుతుంది.

కాపలా కోసం రెండు సెన్సర్లు. మొదటిది ప్రింటర్ నుంచి పీకిందే: కాగితం తోస్తే వంగే ప్లాస్టిక్ మీట, దాని తోక ఒక ఆప్టికల్ సెన్సర్ మధ్యలో అడ్డం వస్తుంది. కాగితం వచ్చిందా లేదా అన్నది దీనికి తెలుస్తుంది. రాకపోతే దెబ్బ పడదు, నంబరు పోదు. రెండోది జంటలను పట్టేది. కాగితం పైన ఐఆర్ (కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు) ఎల్‌ఈడీ, కింద రిసీవర్. ఒక కాగితం గుండా వచ్చే వెలుతురుకూ రెండింటి గుండా వచ్చేదానికీ బాగా తేడా ఉంది. అచ్చు సిరా అడ్డం రాకుండా ఖాళీ మార్జిన్ మీద పెట్టాలి. కాగితం రంగు మారితే కొలత మారుతుంది. అందుకని పని మొదలుపెట్టే ముందు ఒక్క కాగితం చేత్తో పెట్టి బటన్ నొక్కితే ఆ కొలతను గుర్తుపెట్టుకుంటుంది. ఆ తర్వాత అంతకంటే చీకటిగా ఏది కనిపించినా యంత్రం ఆగి బజర్ మోగుతుంది. పెద్ద ఆఫీసు స్కానర్లలో ఈ పనికి అల్ట్రాసోనిక్ వాడతారు. రెండు కాగితాల మధ్య సన్నటి గాలి పొర శబ్దాన్ని బాగా తగ్గించేస్తుంది కాబట్టి రంగుతో, అచ్చుతో దానికి పని లేదు. మా పనికి ఐఆర్ చాలు.

బజర్ మోగిందంటే అన్న మొహం చిట్లించడం మొదట్లో ఉండేది. ఇప్పుడు అది మోగితేనే నమ్మకం అంటున్నాడు.

ఆగస్టు: కార్బన్‌లెస్

తెల్ల మ్యాప్‌లిథో పుస్తకాలు ఇప్పుడు ఫీడర్ మీదనే నడుస్తున్నాయి, నిమిషానికి 20 దగ్గర. ఇంకా వేగం పెంచొచ్చు గానీ, పెంచితే నంబరు సిరా ఆరక అవతలి ట్రేలో మరకలు పడుతున్నాయి. ఇక కార్బన్‌లెస్ ట్రిప్లికేట్ల వంతు: తెలుపు, పింక్, పసుపు.

ఈ కాగితంలో ఘర్షణ కంటే రసాయనం ముఖ్యం. పై కాగితం వెనక వైపు రంగు పదార్థం నింపిన కంటికి కనిపించని గుళికలు పూత పూసి ఉంటాయి. కింది కాగితం ముందు వైపు వేరే పూత. పెన్ను నొక్కితే గుళికలు పగిలి, ఆ పూతతో కలిసి అక్షరం పడుతుంది. అంటే మా రోలర్ నొక్కుడు కూడా పెన్నే. తెల్లవాటిని విడిగా దొంతర పెడితే ఏ మరకా లేదు: వెనక గుళికలు ఉన్నా, కింది తెల్ల కాగితం ముందు వైపు పూత లేదు. పసుపుకు ముందు వైపు పూతే గానీ వెనక గుళికలు లేవు, అదీ క్షేమం. చిక్కంతా మధ్యలో ఉండే పింక్‌తో. దానికి ముందు పూత, వెనక గుళికలు రెండూ ఉంటాయి. పింక్ మీద పింక్ పెట్టి రోలర్ తోస్తే, జారిన దారంతా నీలం గీత పడుతోంది. నొక్కుడు తగ్గిస్తే గీత పలచబడుతుంది, కానీ ఆ లోపే రోలర్ జారిపోయి కాగితం రావడం మానేస్తోంది. ఇంకా వెడల్పైన మెత్తటి రోలర్ పెడితే నొక్కుడు ఎక్కువ చోటుకు పంచుకుని గీత తగ్గుతుంది, పూర్తిగా పోదు.

పింక్‌ను జార్చకూడదు, ఎత్తాలి. పక్కన పెట్టిన సక్కర్ల దారే దీనికి సరైనది. పైగా రెండు వైపులా పూత ఉండటంతో ఈ కాగితం గుండా గాలి మ్యాప్‌లిథోలో పోయినంతగా పోదు, కిందిదాన్ని పీల్చే భయం తక్కువ. ఆఫ్‌సెట్‌కు వాడే సక్కరు రబ్బర్లు రెండు అన్న దగ్గర మిగిలి ఉన్నాయి. చిన్న డయాఫ్రమ్ పంపు పెట్టి చూస్తే ముందు అంచును ఎత్తుతోంది, కొద్దిగా ఏటవాలుగా ఎత్తితే కిందిది బాగానే విడిపోతోంది. వెనక అంచు వైపు గాలి ఊదే గొట్టం ఇంకా బిగించలేదు. అది అయ్యేదాకా తెలుపు, పసుపు యంత్రం మీద, పింక్ వదిన చేతి మీద.